గంపకి రెండో చెవి

పోయినవారం మనం వదిలి వెళ్ళేసరికి గంప బల్ల మీద ఉంది. ఈవారం వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉంది. తెనాలిలో వెంకట్రామయ్యగారి రక్తపరీక్షల లాబులో, సముద్రాలు దాటి వచ్చిన ఎలీసా మిషనుకి జానెడు దూరంలో, తడి చేపల గంప. దాని అంచుకి రెండు పొలుసులు అంటుకుని తళతళలాడుతున్నాయి. గంప వెనక, నడుం మీద చేతులేసుకుని, గంగరత్నం.

ఆవిడ ఎందుకొచ్చిందో మరిచిపోయినవాళ్ళకి నాలుగు ముక్కలు. గంగరత్నం కోడలు రత్తాలుకి ఇరవై రెండేళ్ళు. నెల తప్పి మూడు నెలలు. పొట్ట చూస్తే ఆరు నెలలంత ఉంది. రేపల్లె నర్సింగ్‌హోమ్ వాళ్ళు రక్తం తీసి తెనాలి పంపితే, ఇక్కణ్ణించి ‘గర్భం లేదు’ అని కాగితం వెళ్ళింది. గర్భం కాకపోతే గడ్డే అన్నారు. వారం వారం బాపట్ల నించి రేపల్లె వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్ళే సర్జన్ పున్నారావుగారు, గర్భసంచితో సహా తీసేస్తానని గురువారం మధ్యాహ్నం మూడింటికి టైము పెట్టారు.

ఇవాళ గురువారం. గోడ గడియారం తొమ్మిదింపావు చూపిస్తోంది.

“ఈ కాగితం రాసిందెవరు?” అంది గంగరత్నం. రిపోర్టుని చేపకి మొప్పలు ఎత్తి చూసినట్టు తిరగేసి మరీ చూపించింది. దాని అడుగున చిన్న అక్షరాలతో ‘పరీక్ష చేసినది: బి. రాహేలు’ అని ఉంది.

బి. రాహేలు అక్కడే, తెల్లకోటులో, మూడడుగుల దూరంలో నిలబడి ఉంది. దాక్కోడానికి చోటు లేదు. ఉన్న ఒక్క బీరువా వెనక అప్పటికే పాత మైక్రోస్కోపు దాక్కుని ఉంది.

“నేనేనండి,” అంది రాహేలు.

“నా కోడలి కడుపులో బిడ్డ లేదని నువ్వే రాశావా?”

“మిషను చెప్పింది పెద్దమ్మా. నేను రాశాను.”

“అయితే నువ్వు పక్కకి జరుగు. నేను మిషనుతోనే మాట్లాడతాను.”

ఆ మాట వినగానే లోపలి గదిలోంచి వెంకట్రామయ్యగారు బయటికొచ్చారు. ఆ మిషనుతో ఎవరు మాట్లాడాలన్నా ముందు ఆయనతో మాట్లాడాలి. అది వచ్చిన ఆరు నెలల్లో ఆయన దాన్ని చూపించని మనిషి లేడు. తెనాలిలో దాన్ని చూడనివాళ్ళు ముగ్గురే మిగిలారని లెక్క. అందులో ఇద్దరు అప్పటికింకా పుట్టలేదు. మూడోవాడు చూశాడుగానీ ఒప్పుకోవడం లేదు.

“ఏంటమ్మా గొడవ?” అన్నారాయన. “ఇది అబద్ధం చెప్పదు. కొబ్బరికాయ కొట్టి పెట్టిన మిషను.”

“నేను మాత్రం ఏం కొట్టకుండా వచ్చానా బాబూ, తెల్లారగట్ట రైల్లో తల కొట్టుకుంటా వచ్చాను,” అంది గంగరత్నం. “మా పేటలో పదకొండుమందికి ఈ చేతుల్తో పురుడు పోశాను. కడుపేదో గడ్డేదో నాకు తెలవదా? పిల్ల పొద్దస్తమానం వాంతులు. ఒళ్ళు చిక్కిపోతంది, పొట్ట పెరిగిపోతంది. చేతులు వణుకుతన్నాయి. ఊరికే కూర్చున్నా గుండె ఇంజను పడవలా టకటకా కొట్టుకుంటంది. అన్నిటికీ మించి, దానికి చేపల వాసన పడటంలేదు! ఎండుచేపల పందిరికింద ఉయ్యాలేసి పెంచిన పిల్లండీ అది. గడ్డకి చేపల వాసనతో పనేంటి బాబూ? మీరు చదువుకున్నారుగా, చెప్పండి.”

వెంకట్రామయ్యగారు చదువుకున్నారు. కానీ ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ రాలేదు. ఆయన గోడవైపు చెయ్యి చూపించారు.

ఆ గోడ మీద దేవుళ్ళ పటాల వరసలో, అన్నిటికంటే పెద్ద ఫ్రేములో, ఒక కాగితం ఉంది. మిషనుతోపాటు వచ్చిన గర్భపరీక్ష కిట్టులోంచి తీసిన కాగితం అది. పరీక్ష ఎలా చెయ్యాలో ఇంగ్లీషులో వరసగా అచ్చేసి ఉంటుంది. మామూలు లాబుల్లో అయితే ఆ కాగితం సొరుగులో పడి ఉంటుంది, లేకపోతే టిఫిన్ పొట్లం కిందకి వెళ్ళిపోతుంది. వెంకట్రామయ్యగారు దాన్ని అద్దం కట్టించి, నాలుగు మూలలా గంధం బొట్లు పెట్టి, శుక్రవారం శుక్రవారం చేమంతుల దండ వేయిస్తున్నారు. షుగరు పరీక్షకి వచ్చిన ఒక చేబ్రోలు పెద్దాయన దానికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నాడు. రిపోర్టులో షుగరు తగ్గింది. అప్పట్నించీ దాని ముందు చెప్పులు విప్పడం మొదలైంది.

“అందులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశాం,” అన్నారు వెంకట్రామయ్యగారు. “రాహేలూ, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పి పంపించు.”

రాహేలు మనసులో ‘ప్రభువా’ అనుకుంది. చెప్పడం ఆవిడకి కొత్తకాదు, కానీ వినేవాళ్ళు ఎప్పుడూ తల ఊపేవాళ్ళు. ఈవిడ తల ఊపే రకం కాదు. అటూ ఇటూ చూస్తే కంటికి ఆనేది ఒకటే ఉంది. గంప. దానికి ఎత్తడానికి రెండు వైపులా తాడుతో అల్లిన చెవులున్నాయి.

“పెద్దమ్మా, నిండు గంప ఎలా ఎత్తుతారు?”

“ఇద్దరు ఎత్తుతారు. చెరొక చెవి పట్టుకుని. ఏం, నువ్వు ఎత్తుతావా?”

“వినండి మరి. కడుపుతో ఉంటే రక్తంలో ఒక పదార్థం పుడుతుంది. కంటికి కనపడదు. ఎంత కొంచెమంటే, మీ ఊరి మంచినీళ్ళ చెరువులో చిటికెడు ఉప్పేసి, చెంబుడు నీళ్ళు ముంచి, ఇందులో ఉప్పెంతో చెప్పమన్నట్టు ఉంటుంది. అది గంప అనుకోండి. దానికి రెండు చెవులు. ఇదిగో, ఈ పళ్ళెంలో తొంభై ఆరు గుంటలున్నాయి. ప్రతి గుంట అడుగునా కొందరు మనుషుల్ని పాతేసినట్టు నిలబెట్టి ఉంచారు. వాళ్ళు గట్టు మీదవాళ్ళు. రక్తం పొయ్యగానే వాళ్ళు గంపకి ఒక చెవి పట్టుకుంటారు. దాంతోపాటే రంగు చొక్కాల వాళ్ళని కొందర్ని వదులుతాం. వాళ్ళు రెండో చెవి పట్టుకుంటారు. తర్వాత గుంటని నీళ్ళతో బాగా కడిగేస్తాం. గంప పట్టుకున్న రంగు చొక్కావాడు గట్టువాడితో ముడిపడ్డాడు కాబట్టి నిలబడతాడు. ఊరికే తిరిగేవాడు కొట్టుకుపోతాడు. ఆఖర్న ఎంత రంగు మిగిలితే అన్ని గంపలున్నట్టు. ఆ రంగునే మిషను చూస్తుంది.”

“ఊఁ,” అంది గంగరత్నం.

“మీ కోడలి రక్తంలో రంగు దాదాపు మిగల్లేదు. పాతిక దాటితే గర్భం. పంతొమ్మిదే వచ్చింది.”

గంగరత్నం గంపవంక చూసింది. ఒక చెవి తను పట్టుకుంది. రెండో చెవి వంక చూసింది. వెంకట్రామయ్యగారు గడియారం చూసుకున్నారు. ఈవిడకి అర్థమైందని, ఇక వెళుతుందని ఆయన అనుకున్నారు. ఆ మధ్యకాలంలో ఆయన అనుకున్నవాటిల్లో ఇదొకటే తప్పని చెప్పలేంగానీ, పెద్దది మాత్రం ఇదే.

“అమ్మాయ్, నాకొకటి చెప్పు. బోట్లన్నీ ఒక్కసారే ఒడ్డుకొచ్చి, గంపలు కుప్పలు కుప్పలుగా పడ్డాయనుకో. అప్పుడేమవుద్ది?”

“ఏమవుతుంది?”

“ఏమవుద్దేంటి, రోజూ చూసేదేగా. ఎవడి గంప వాడు పట్టుకుంటాడు. గట్టు మీదవాడి చేతిలో ఒకటి, నీ రంగు చొక్కావాడి చేతిలో ఇంకోటి. ఒకే గంప ఇద్దరు పట్టుకునేది గంపలు తక్కువున్నప్పుడేగా! అప్పుడు నువ్వు కడిగితే రంగు చొక్కాలోళ్ళు గంపల్తో సహా కొట్టుకుపోరూ?”

 సీలింగు ఫ్యాను ఎప్పట్నించో చెబుతున్న మాటే చెబుతోంది.

రాహేలు పళ్ళెం బల్ల మీద పెట్టింది.  ఎప్పుడో చూసిన ముఖం గుర్తొస్తూ గుర్తొస్తూ ఉన్నప్పుడు ఒంట్లో ఒక కదలిక ఉంటుందే, అలా అయింది. గుర్తొచ్చిన ముఖం వాళ్ళ నాన్నది.

వాళ్ళ నాన్న లాజరు, బాపట్ల పక్కన పాలకేంద్రంలో వెన్న శాతం చూస్తాడు. పాలు, ఆసిడ్డు గాజుగొట్టంలో పోసి తిప్పితే వెన్న పైకి తేలుతుంది. గొట్టం మీద గీతలు పది దాకానే ఉంటాయి. ఒక ముసలి గేదె పాలు పదిని దాటిపోయి గొట్టం మెడలో ఇరుక్కునేవి. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ‘ఈ పాలల్లో ఏదో మోసం ఉంది, పారబొయ్యండి’ అన్నాడు. లాజరు పాలల్లో కొలిచి సగానికి సగం నీళ్ళు కలిపి మళ్ళీ తిప్పాడు. ఆరు వచ్చింది. రెండింతలు చేసి పన్నెండు అని రాశాడు. సూపర్‌వైజరు నోరెళ్ళబెడితే, లాజరు చెప్పిన మాట సెలవులకి ఇంటికొచ్చి పక్కనే నిలబడ్డ రాహేలు విన్నది: “కొలిచే గొట్టం పొట్టిదైతే గేదెది తప్పేంటండీ?”

“సార్,” అంది రాహేలు. “రత్తాలు రక్తంలోంచి తీసిన సీరం ఫ్రిజ్‌లో ఇంకా ఉంది. నీళ్ళు కలిపి మళ్ళీ చేస్తాను.”

వెంకట్రామయ్యగారు ఆవిణ్ణి చూసిన చూపు, పాలవాడు నీళ్ళు కలుపుతానని గుమ్మంలోనే చెప్పి మరీ కలిపితే చూసే చూపు.

“నీళ్ళు కలుపుతావా! అసలే పంతొమ్మిది వచ్చిందానికి నీళ్ళు కలిపితే ఒకటీ అరా వస్తుంది. ఇంకా లేదని తేలుతుంది. అంతేగా?”

“గడ్డయితే అంతే సార్. ఈవిడ చెప్పిందే నిజమైతే పెరుగుతుంది.”

“నీళ్ళు పోస్తే పెరిగేది ఈ లోకంలో రెండే. ఒకటి వరి. రెండోది మా వీధి పాలవాడి ఇల్లు.” ఆయన గోడమీది పటం వైపు తిరిగి వేలు చూపించారు. “నీళ్ళు కలపమని అందులో ఉందా? ఉంటే చూపించు. కలుపుదువుగాని.”

రాహేలు చెప్పులు విప్పి బల్లెక్కింది. ఆరు నెలలుగా రోజూ చూస్తున్న కాగితం అది. పైనించి కింద దాకా చదివింది. నీళ్ళ మాట లేదు. గంధం బొట్టు కింద, కుడిచేతి మూల, ఏదో చిన్న అక్షరాలు. గోటితో అద్దం మీది గంధం గీకింది. ‘మిగతా వెనక పేజీలో’ అని ఇంగ్లీషులో ఉంది.

“సార్, దీనికి వెనకవైపు ఉందండి.”

వెంకట్రామయ్యగారి ముఖంలో మొదటిసారి ఒక పొలుసు ఊడింది. “వెనకవైపా?”

“ఫ్రేము కట్టించినప్పుడు చూశారా?”

“ముందువైపు అంత బాగుంటే వెనకవైపు ఎవరు చూస్తారు?” అన్నారాయన. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, “మైదా జిగురుతో అట్టకి అంటించాడు. గట్టిగా అంటించమని నేనే చెప్పాను. ఇంకో కిట్టు తెరిస్తే అందులో ఉంటుందేమో...”

“కొత్త కిట్లు రేపటి పార్సిల్లో వస్తాయండి. మన దగ్గరున్న కిట్టూ ఒకటే, దాని కాగితమూ ఇదొక్కటే.”

ఆయన కదల్లేదు. రాహేలుకి ఆయన బాధ అర్థమైంది. ఆ అద్దం విప్పడమంటే చేబ్రోలు పెద్దాయన షుగరు మళ్ళీ పెంచడమే. కానీ గడియారంలో పదికి పది నిమిషాలుంది. పరీక్ష పూర్తికావడానికి రెండు గంటలు పడుతుంది. మూడింటికి రత్తాలు బల్ల మీద ఉంటుంది.

“సార్, ఆ కాగితం మీద నా పేరు ఉంది,” అంది రాహేలు. “నేను రాసిన మాట మీదే ఆ పిల్లకి గర్భసంచి తీస్తున్నారు. తర్వాత తప్పని తెలిస్తే మళ్ళీ కుట్టలేం. పటమైతే మళ్ళీ కట్టించుకోవచ్చు.”

వెంకట్రామయ్యగారు చెప్పులు విప్పారు. ఫ్రేముకి దణ్ణం పెట్టుకున్నారు. దించారు.

అద్దం, మేకులు తేలిగ్గానే వచ్చాయి. కాగితం రాలేదు. రాహేలు బ్లేడు పెడితే మూల చిరిగింది. ఆయన పెడితే ఇంకో మూల చిరిగింది. గంగరత్నం ఇద్దర్నీ కాసేపు చూసి, “జరగండి, జరగండి,” అని చేతులు సబ్బుతో కడుక్కొచ్చింది. తడిగుడ్డ అట్ట మీద పరిచి అరచేత్తో అదిమింది. ఒక మూల బొటనవేలు గోరు దూర్చింది. వాలుగ చేపకి తోలు ఒలిచేటప్పుడు కండ చెదరకుండా ఎలా లాగుతారో అలా, తొందరలేకుండా, ఊపిరి బిగబట్టకుండా, కబుర్లు కూడా ఆపకుండా లాగింది.

“ఎంతయింది టైము?”

“పదీ ఐదు,” అన్నారు వెంకట్రామయ్యగారు.

“పన్నెండు కాలేదుగా?”

“పదీ ఐదంటే పన్నెండు ఎలా అవుతుందమ్మా?”

“ఊరికే అడిగాలే.” కాగితం మొత్తంగా ఊడొచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎండకి ఎత్తింది. “ఇదిగో. తోలు తీశాను. లోపలేముందో మీరే చూసుకోండి.”

మైదా మరకల మధ్య పన్నెండు లైన్లున్నాయి. తొమ్మిదో లైను దగ్గర రాహేలు ఆగింది. గట్టిగా చదివి, తెలుగులో చెప్పింది. రక్తంలో ఆ పదార్థం మరీ విపరీతంగా ఉంటే ఫలితం తప్పుగా తక్కువ రావచ్చు. రోగి లక్షణాలకీ ఫలితానికీ పొంతన లేకపోతే, పలచన చేసి మళ్ళీ పరీక్షించాలి.

“గంపలు కుప్పలుగా పడితే అని నే చెప్పిందేగా?” అంది గంగరత్నం.

“అదేనండి.”

“అది రాసినాయన ఏ ఊరోడు?”

“జర్మనీ అంట.”

“అక్కడా చేపలు పడతారన్నమాట,” అని తేల్చేసింది.

*

ఆ తర్వాత రెండు గంటలు రాహేలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక చుక్క సీరానికి తొమ్మిది చుక్కల కిట్టు నీళ్ళు. అది పదో వంతు. అందులోంచి ఒక చుక్కకి మళ్ళీ తొమ్మిది. అది వందో వంతు. మళ్ళీ. మళ్ళీ. పదివేలో వంతు వచ్చేసరికి, ఆ గొట్టంలో రత్తాలు రక్తం ఉందని చెబితే నమ్మాల్సిందేగానీ చూపించడానికేం లేదు. దాన్ని సగం చేసి ఇరవైవేలో వంతు కూడా కట్టింది. రెండు వేర్వేరు పలచనలు ఒకే మాట చెబితే అది సాక్ష్యం. ఒకటే చెబితే అది పుకారు.

గుంటల్లో పోసింది. ఆగింది. కడిగింది. రంగు మందు వేసింది. వెంకట్రామయ్యగారు కళ్ళద్దాలు మూడుసార్లు తుడుచుకుని పక్కకొచ్చి నిలబడ్డారు.

నీళ్ళు కలపని మొదటి గుంట మొదటిసారిలాగే వెలవెలబోతూ ఉంది. పదో వంతుది లేత నిమ్మరంగులోకి తిరిగింది. వందో వంతుది పసుపు. వెయ్యో వంతుది కొట్టిన పసుపుకొమ్ము. నీళ్ళు పోసినకొద్దీ చిక్కబడింది. తెనాలి పాలవాళ్ళు తరతరాలుగా కలలుకంటున్న దృశ్యం అది. ఆ వీధిలో వాళ్ళెవరైనా చూసి ఉంటే కళ్ళు తిరిగి పడేవాళ్ళే.

“మిషనులో పెట్టు,” అన్నారు వెంకట్రామయ్యగారు. 

మిషను కాగితపు చుట్ట కక్కింది. మొదటి గుంట పంతొమ్మిది. రెండోది అరవై నాలుగు. మూడోది నూట డెబ్భై. నాలుగోది స్కేలు దాటిపోయింది. ఐదోది, పదివేలో వంతుది, మిషను కొలవగలిగేంత పలచబడి, తొంభై. ఇరవైవేలో వంతుది నలభై ఐదు.

రాహేలు పెన్సిలు తీసింది. తొంభైని పదివేలతో హెచ్చవేసింది. నలభై ఐదుని ఇరవైవేలతో హెచ్చవేసింది. రెండూ ఒకే అంకె దగ్గరికొచ్చి చేతులు కలిపాయి.

తొమ్మిది లక్షలు.

“పంతొమ్మిది కాదు సార్,” అంది. “తొమ్మిది లక్షలు. గొట్టమే పొట్టిది.”

“నేను చెప్పలా!” గంగరత్నం బల్ల మీద అరచెయ్యి కొట్టింది. గంప ఎగిరింది. “నేను చెప్పలా, కడుపేనని! పిల్ల గడ్డ కాదు మొర్రో అని ఏడుస్తంటే అందరూ నన్ను...” ఆవిడ ఆగింది. ఎదురుగా ఉన్న ఇద్దరి ముఖాల్లోనూ గెలుపు కనపడలేదు. “ఏంటి? నా మాటే నిజమైందిగా?”

“నిజమేనండి,” అంది రాహేలు.

“మరి మొహాలు అలా పెట్టారేంటి?”

వెంకట్రామయ్యగారు అప్పటికే బీరువా తెరిచి, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి దించి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టి ఉన్నారు. ఆయన మిషను చూపించే మనిషి మాత్రమే అని ఆరు నెలలుగా అనుకుంటున్న రాహేలుకి, ఆ వేలు వణక్కుండా ఉండటం చూసి, ఈయన ముప్ఫై ఏళ్ళుగా రక్తం చదువుతున్న మనిషని తెలిసొచ్చింది.

“కూర్చోమ్మా,” అన్నారాయన. ఆయన ఆవిణ్ణి కూర్చోమనడం అదే మొదటిసారి. “మంచి గర్భానికి ఇది లక్ష ఉంటుంది. మహా అయితే రెండు లక్షలు. తొమ్మిది ఉండదు. దీన్ని ముత్యాల గర్భం అంటారు.”

“ముత్యాలా?”

రాహేలు ఆవిడ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. “పెద్దమ్మా, గర్భం నిలిచింది. మీరు చెప్పింది నిజం. కానీ బిడ్డ కట్టలేదు. బిడ్డకి తిండి పెట్టే మాయ ఉంటుంది చూడండి, అదొక్కటే పెరుగుతోంది, నీటిబుడగలు బుడగలుగా, గుత్తులు గుత్తులుగా. అందుకే మూడు నెలలకే అంత పొట్ట. గుండె దడ, వణుకు కూడా దానివల్లే కావచ్చంట.”

 గంగరత్నం గంప అంచుకి ఉన్న పొలుసుల్లో ఒకటి గోటితో తీసి, చీరకి తుడిచింది. రెండోది తీసింది.

“బిడ్డ లేదు,” అంది.

“లేదండి.”

“పదకొండు పురుళ్ళు పోశాను. ఇట్టాంటిది నా చేతికి రాలా.” కళ్ళు తుడుచుకోలేదు. తడి దానంతట అదే ఆగింది. “సంచి కొయ్యాలా?”

“కొయ్యక్కర్లేదు. లోపల ఉన్నది జాగ్రత్తగా పీల్చి తీసేస్తారు. సంచి ఉంటుంది. ఆ తర్వాత ఏడాదిపాటు ఈ పరీక్షే మళ్ళీ మళ్ళీ చెయ్యాలి, తొమ్మిది లక్షలు దిగీ దిగీ సున్నా అయ్యేదాకా. అప్పుడు మళ్ళీ కడుపు వస్తే బిడ్డే వస్తాడు, చాలామందికి.”

“ఆ పరీక్ష నువ్వే చేస్తావా?”

“నేనే చేస్తాను.”

“నీళ్ళు కలిపా, కలపకుండానా?”

“రెండూనండి. ఇకనించి రెండూ.”

గంగరత్నం తల ఊపింది. పొద్దున్నించీ ఆవిడ తల ఊపడం అదే.

“ఒక్కటే భయం,” అన్నారు వెంకట్రామయ్యగారు, పుస్తకం మూస్తూ. “ఏ క్షణానైనా రక్తం పోవడం మొదలవ్వచ్చు. మొదలైతే ధారగా పోతుంది. గుండె అంత స్పీడుగా ఉన్న మనిషికి మత్తు ఇవ్వాలన్నా ముందు దాన్ని నెమ్మదింపజేసి ఇవ్వాలి. ఏం జరిగినా ఆ అమ్మాయి ఆసుపత్రి మంచం దిగి కదలకూడదు.”

గంగరత్నం చటుక్కున తలెత్తింది. “టైమెంతయింది?”

“పన్నెండున్నర.”

ఆవిడ నోరు తెరిచి, మూసింది. ఆ సంగతి రాహేలు చూసింది. కానీ ఆ క్షణంలో, పరీక్ష మొదలుపెట్టినప్పుడే వెంకట్రామయ్యగారు రేపల్లెకి బుక్ చేసిన ట్రంకు కాల్ మోగింది.

ఫోను వెంకట్రామయ్యగారే అందుకున్నారు. రాహేలు చెయ్యి చాపితే వద్దన్నారు. అవతల రేపల్లె నర్సింగ్‌హోము. సర్జన్ పున్నారావుగారు.

“పున్నారావుగారూ, నేను తెనాలి నించి వెంకట్రామయ్యనండి.” ఆయన ఒక గుక్క గాలి పీల్చుకున్నారు. గోడ మీద ఫ్రేము ఉండాల్సిన చోట తెల్లటి చతురస్రం ఆయన్నే చూస్తోంది. “నా రిపోర్టు తప్పండి.”

ఆ మాట ఆయన నోట్లోంచి బయటపడటానికి పట్టిన టైములో రేపల్లె ప్యాసింజరు జంపని దాకా వెళ్ళి రావచ్చు. కానీ పడింది. పడ్డాక మిగతాది వరసగా వచ్చేసింది. మిషను ఎందుకు తప్పు చెప్పింది, నీళ్ళు కలిపితే ఎందుకు పెరిగింది, తొమ్మిది లక్షలంటే ఏంటి. “కాబట్టి మీరు దయచేసి ఆ ఆపరేషను ఆపాలండి. మీరు నా మీద కేకలేసినా సరే, ఆపాలి.”

పున్నారావుగారు కేకలేశారు. రిసీవర్లోంచి వచ్చిన గొంతు గదిలో అందరికీ వినపడింది.

“ఎవర్ని ఆపమంటారండీ? ఇక్కడ పేషెంటు ఏది? మంచం ఖాళీ! సరిగ్గా పన్నెండు కొట్టగానే, నర్సు రాజమ్మ మందు తేవడానికి అటు తిరగ్గానే, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయిందట. అరగంట నించి వెతుకుతున్నాం!”

ఫోను పెట్టేశాక కూడా వెంకట్రామయ్యగారు రిసీవరు మీంచి చెయ్యి తియ్యలేదు. రాహేలు గంగరత్నం వైపు తిరిగింది.

గంగరత్నం లేచి నిలబడి ఉంది. నడుం మీద చేతులు లేవు.

“నేనే చెప్పా,” అంది. “పొద్దున్న రైలెక్కేముందు దాని చెవిలో చెప్పొచ్చా. పన్నెండింటికల్లా నేను రాకపోతే ఈ లాబోళ్ళు నా మాట విననట్టు, నువ్విక ఎవరి చేతికీ చిక్కొద్దు, లంకలో మా అన్న లక్ష్మయ్య ఇంటికి పడవెక్కి పొమ్మని. ఆ లంకకి డాక్టరన్నవాడు రాడు, నిన్నెవడూ కొయ్యలేడని...” ఆవిడ రాహేలు మోచెయ్యి పట్టుకుంది. “డాక్టరన్నవాడు రాడమ్మాయ్. ఆ లంకకి.”

“ఆఖరి పడవ ఎప్పుడు?”

“నాలుగింటికి. అది పోతే మళ్ళీ తెల్లారే.”

తెనాలిలో ప్యాసింజరు ఒంటిగంటకి. టైంటేబులు ప్రకారం రేపల్లెకి రెండున్నరకి చేరాలి. టైంటేబులు మాట ఆ రైలు ఎప్పుడూ విన్న పాపాన పోలేదు.

వెంకట్రామయ్యగారు కొత్త కాగితం తీసుకున్నారు. ‘తొమ్మిది లక్షలు’ అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశారు. ‘మొదటి రిపోర్టు తప్పు’ అని దాని కింద ఇంకా పెద్దగా రాసి, సంతకం పెట్టి, రాహేలు చేతికిచ్చారు. “పున్నారావుగార్ని పడవరేవుకి రమ్మని నేను చెబుతాను. రాకపోతే వచ్చేదాకా చెబుతాను. మీరు పరుగెత్తండి.”

రాహేలు తెల్లకోటు విప్పలేదు. ఐసు డబ్బాలో నాలుగు ఖాళీ గొట్టాలు, ఒక సూది, గ్లూకోజు సీసాలు రెండు, దూది పడేసి, డబ్బాని తీసుకెళ్ళి చేపల గంపలో పెట్టింది. గంగరత్నం ఒక చెవి అందుకుంది.  గంప ఒకపక్కకి ఒరిగింది.

రెండో చెవి రాహేలు పట్టుకుంది.